ఇరవై అంగుళాల చక్రం

తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్‌ని బజారులో అందరూ చాటుగా ‘మిల్లీగ్రాము’ అనేవారు. ఎదురుపడితే మాత్రం సార్. ఆ పేరు అతని చెవిన పడకపోలేదు. పడినప్పుడల్లా పైకి మొహం చిట్లించేవాడు గానీ, లోలోపల మెడలో దండ పడ్డంత సంబరపడేవాడు. అతని తండ్రి ధాన్యం గోదాముల దగ్గర బస్తాలు మోసి బతికిన మనిషి. బస్తా బరువు తన వీపుకు ఒకలా, కాటాకు ఇంకొకలా ఉంటుందని ఇంటికొచ్చి చెప్పుకునేవాడు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు ఇతనే. ఇంతకంటే పెద్ద ఉద్యోగాలు వచ్చే వీలున్నా ఏరికోరి ఈ శాఖలో చేరాడు. పదిహేడేళ్ళలో ఒక్క తప్పుడు రాయినైనా చూసీ చూడనట్టు వదిలింది లేదు.

అలాంటి మనిషి నలభై నాలుగో ఏట డాక్టరమ్మ ముందు తల వంచుకుని కూర్చోవలసి వచ్చింది.

“షుగర్ గీత దాటింది. బరువు తొంభై ఒకటి. చదువుకునే రోజుల్లో ఏమైనా ఆటలాడేవారా?”

“ఆటలేం లేవండీ. కాలేజీకి సైకిల్ మీద వెళ్ళేవాణ్ణి. పోను పదకొండు కిలోమీటర్లు, రాను పదకొండు.”

“ఎప్పుడు మానేశారు?”

“ఉద్యోగం వచ్చి బండి కొన్నాక.” ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు గొంతు దిగిపోయింది.

“అయితే మళ్ళీ ఎక్కండి. రోజూ గంట. గంటంటే గంట. రెండు నెలలయ్యాక రక్తం పరీక్ష చేద్దాం. తగ్గకపోతే ఇంజెక్షన్ల దాకా వెళ్ళాలి.”

వాళ్ళుండేది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. కింద వదిలితే సైకిల్ తెల్లారేసరికి ఉంటుందన్న నమ్మకమూ లేదు. అందుకని మడతపెట్టే సైకిల్ కొన్నాడు. దాని చక్రాలు ఇరవై అంగుళాలవి. దుకాణంలో అది ముద్దుగానే కనిపించింది. మొదటి ఉదయం వీధిలో దాని మడత విప్పి, బుల్లి చక్రాల మీద తన తొంభై ఒక్క కిలోలూ మోపినప్పుడు మాత్రం గేటు దగ్గర పాల ప్యాకెట్లు అందుకుంటున్న పెద్దాయన ఆగిపోయాడు.

“ఏం సార్, సర్కస్ ఎప్పుడొచ్చింది మన వీధికి?”

ఇన్‌స్పెక్టర్ నవ్వినట్టు పళ్ళు కనబరిచి పెడలు మీద కాలేశాడు. ఒకసారి నేర్చుకున్న సైకిల్ మరిచిపోవడం ఉండదని అందరూ అంటారు. ఆ అనేవాళ్ళెవరూ పదిహేడేళ్ళ తర్వాత ఎక్కి ఉండరు. హ్యాండిలు కుడికి రమ్మంటే ఎడమకి పోయింది. తొడ పైకి లేచినప్పుడల్లా పొట్టకు తగిలింది. రెండో మలుపు తిరగకముందే గుండె చెవుల్లోకి వచ్చి కొట్టుకోసాగింది. ఆగితే ఎవరైనా చూస్తారేమోనని సిగ్గు. అందుకని ఆగి, ఫోను మోగకపోయినా చెవికి పెట్టుకుని, “ఆ, చెప్పండి, చెప్పండి” అంటూ ఊపిరి తీసుకున్నాడు. ఆ ఉదయం అలాంటి ఫోన్లు నాలుగు వచ్చాయి.

ఇంటికొచ్చేసరికి భార్య ఆసుపత్రి డ్యూటీకి తయారవుతోంది. ఆమె జిల్లా ఆసుపత్రిలో పథ్యం వంటగదిలో పనిచేస్తుంది. షుగరు, బీపీ, కిడ్నీ రోగులకు ఉప్పూ నూనే చూసి విడివిడిగా వండి, ఒక్కో మంచానికి ఒక్కో ప్లేటు సర్దే పని. రోజుకు నలభై ప్లేట్లు.

“పడ్డారా?” అంది జడ వేసుకుంటూ.

“పడలేదు.”

“మరి ఆ మోకాలి మీద మట్టి?”

“దిగాను. దిగేటప్పుడు నేల కొంచెం ముందే వచ్చేసింది.”

ఆమె నవ్వింది. “రేపు కూడా వెళ్తారుగా? అది చెప్పండి చాలు.”

వెళ్ళాడు. మరునాడూ, ఆ మరునాడూ వెళ్ళాడు. పదో రోజుకు ఫోన్లు తగ్గాయి. ఆ ఆదివారం బావమరిది వచ్చాడు. మందుల కంపెనీలో పనిచేస్తాడు, సెలవు రోజుల్లో నలుగురు స్నేహితులతో కలిసి ఊరి బయటి దాకా సైకిల్ తొక్కుతాడు. పెద్ద చక్రాల సైకిల్, హెల్మెట్, నల్లకళ్ళద్దాలు, ఆ హంగామా అంతా ఉంది.

“ఇదిగో బావా, నీకొక బహుమతి” అంటూ అగ్గిపెట్టెంత పరికరం ఒకటి చేతిలో పెట్టాడు. “నా సైకిల్‌కి కొత్తది కొన్నా. ఇది పాతది. స్పోక్ మీద చిన్న అయస్కాంతం కట్టాలి, చక్రం తిరిగినప్పుడల్లా ఇది లెక్కపెడుతుంది. ఎన్ని కిలోమీటర్లు, ఎంత వేగం, అన్నీ చూపిస్తుంది. కొలతలంటే పడిచస్తావుగా!”

“బిగించి ఇవ్వనా?” అని కూడా అడిగాడు.

“నాకు బిగించడం రాదా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “ఊళ్ళో కాటాలన్నీ విప్పి చూసేది ఎవర్రా?”

తనే బిగించాడు. ఆ సాయంత్రం వీధిలో ఒక చుట్టు వేసి, చిన్న తెర మీద అంకెలు కదులుతుంటే అతనికి ప్రాణం లేచొచ్చింది. చెమటా, ఆయాసమూ ఒక ఎత్తు, అంకె ఒక ఎత్తు. అంకె వచ్చాక అది పని అయింది.

మర్నాటి నుంచి లెక్క మొదలైంది. గంట తొక్కమంది డాక్టరమ్మ. మామూలు మనిషి గంటకు పద్నాలుగు కిలోమీటర్లు తొక్కుతాడు. కనుక తెర మీద పద్నాలుగు కనబడితే గంట అయినట్టే. అతనికి నలభై మూడు నిమిషాల్లోనే పద్నాలుగు వచ్చేస్తోంది! పాత రోజుల కాళ్ళు ఎక్కడికీ పోలేదన్నమాట. మిగిలిన పదిహేడు నిమిషాలూ నీళ్ళ ట్యాంకు పక్కనున్న టీ బండి దగ్గర గడిపేవాడు. పద్నాలుగు కిలోమీటర్లు కరిగించాక ఒక బన్ను తింటే ఏమీ కాదని మొదటి వారం అనుకున్నాడు. రెండో వారానికి రెండు బన్నులు తిన్నా ఏమీ కాదనిపించింది. రోజూ దూరాన్ని ఒక నోటు పుస్తకంలో రాసి కింద సంతకం పెట్టేవాడు. ఆఫీసులో అసిస్టెంటుకి చెప్పాడు, పక్కింటి వాళ్ళకి చెప్పాడు, సర్కస్ పెద్దాయనకైతే ఆపి మరీ చెప్పాడు. “గంటకి ఇరవై దగ్గర తొక్కుతున్నానండీ.”

రెండు నెలలకు డాక్టరమ్మ కాగితం చూసి కళ్ళజోడు తీసింది.

“తొంభై కిలోల నాలుగు వందల గ్రాములు. షుగరు ఒక మెట్టు పెరిగింది కూడా. నిజంగా తొక్కుతున్నారా?”

అతనికి ఒళ్ళు మండింది. నోటు పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె పేజీలు తిప్పి, “ఇంత తొక్కితే తగ్గాలే. అయితే తిండిలో ఏదో ఉంది. ఇంట్లో చూసుకోండి” అంది.

ఇంట్లో చూసుకోండి. ఆ రెండు మాటలూ పట్టుకుని అతను ఇంటికొచ్చాడు. టీ బండి ఇంట్లో లేదు గనక అది అతనికి గుర్తు రాలేదు.

ఆ ఆదివారం అత్తగారూ బావమరిదీ భోజనానికి వచ్చారు. భార్య వంటింట్లో ఉంది. అతను ఆఫీసు నుంచి తెచ్చిన చిన్న ఎలక్ట్రానిక్ కాటా, గాజు కొలపాత్ర పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. బజారులో దుకాణాల ముందు ఎలా నిలబడతాడో అచ్చం అలాగే.

“ఆ నూనె గరిటె ఇటివ్వు.”

“దేనికండీ?”

“చూడాలి.”

ఆమె మొదట వేళాకోళం అనుకుంది. “దొంగ దొరికాడా ఇన్‌స్పెక్టర్ గారూ?” అని నవ్వుతూ ఇచ్చింది. అతను గరిటెను నూనెతో నింపి కొలపాత్రలో వంచాడు. “ఇది పదకొండు మిల్లీలీటర్లు పడుతుంది. నువ్వు పదని చెప్పావు.”

“నేను నిండా ముంచనుగా.”

“నింపవని ఎవరు చూశారు? చేతి అందాజు! రోజూ పద్నాలుగు కిలోమీటర్లు తొక్కి చస్తున్నా, నువ్విక్కడ అందాజుగా పోస్తున్నావు.”

“బావా, అన్నం వేళ, తర్వాత చూసుకోవచ్చు” అన్నాడు బావమరిది హాల్లోంచి.

అక్కడితో ఆగినా సరిపోయేది. ఇన్‌స్పెక్టర్ ఆగలేదు. “ఆసుపత్రిలో ఆ నలభై మందికీ ఇలాగేనా పెడుతున్నావు? పథ్యమని నమ్మి తింటున్నారు పాపం వాళ్ళు.”

అత్తగారు చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టింది. భార్య ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, వెనక్కి తిరిగి పొయ్యి ఆపింది.

ఆ మర్నాటి నుంచి అతని కంచం పక్కన ఒక చీటీ కనిపించసాగింది. అన్నం నూట ఇరవై గ్రాములు. కూర తొంభై గ్రాములు. నూనె నాలుగు మిల్లీలీటర్లు. ముత్యాల్లాంటి అక్షరాలు. మొదటి చీటీ చూసి అతను ‘ఇప్పుడు దారికొచ్చింది’ అనుకున్నాడు. చేతి అలవాటు కొద్దీ జేబులోంచి పెన్ను తీసి చీటీ కింద పొట్టి సంతకం కూడా పెట్టాడు. భార్య చూసింది. ఆ తర్వాత రోజూ చీటీ పక్కన పెన్ను కూడా పెట్టేది.

మూడు వారాలయ్యాక బావమరిది ఫోను చేశాడు.

“బావా, అక్క నీకేమైనా చెప్పిందా? వంటగది ఇన్‌చార్జి పోస్టు తనకే ఇస్తున్నారట. పైవాళ్ళు పిలిచి మరీ అడిగారట. వద్దంటోంది.”

“ఎందుకూ?”

“నాకేం తెలుసు? ‘నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదురా’ అంది. నువ్వోసారి మాట్లాడు.”

“పని భారమనుకుందేమోలే” అని ఫోను పెట్టేశాడు ఇన్‌స్పెక్టర్. మాట్లాడాలనే అనుకున్నాడు. అయితే ఏం మాట్లాడాలో నాలుకకు అందలేదు. ఆ రోజు ధాన్యం మార్కెట్లో కాటాలకు ముద్ర వేసే క్యాంపు ఉంది. ఆఫీసు జీపు రాలేదు. సైకిల్ మీదే వెళ్ళాడు.

క్యాంపులో అతనికి సాయంగా కాటాల మేస్త్రి ఉన్నాడు. లైసెన్సు ఉన్న రిపేరు మనిషి, అరవై దాటినవాడు, ఇనుము వాసన వేసే చేతులు. మధ్యాహ్నం దాకా పని సాఫీగా సాగింది. అప్పుడు ఒక పప్పుల వ్యాపారి దుకాణంలో పెద్ద కాటా తేడా చూపించింది. యాభై కిలోల రాయి పెడితే మూడొందల గ్రాములు ఎక్కువ.

“ఎప్పటిదిది?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“పాత దుకాణంలో ఉన్నదే సార్. పోయిన నెల ఇక్కడికి మార్చాం. మీరే ముద్ర వేశారు, చూడండి.”

“ముద్ర అక్కడ వేశాను. ఇక్కడ కాదు. ఒకచోట సరిగ్గా తూగింది ఇంకోచోట తూగుతుందని ఎవరు చెప్పారు నీకు? నేల మారితే సరిచూడాలని తెలీదా? చోటు మారిన కాటాని పరీక్షించకుండా వాడటం అజ్ఞానం కాదు, మోసం.” గొంతు పెంచాడు. చుట్టుపక్కల దుకాణాల వాళ్ళు బయటికొచ్చి చూశారు. కాటాకు తాడు కట్టి సీలు వేయించి, నోటీసు రాయడానికి బయట బల్ల మీద కూర్చున్నాడు.

కాటాల మేస్త్రి అక్కడ గోడకు ఆనించిన సైకిల్ దగ్గర నిలబడి ఉన్నాడు. పనిముట్టు కనబడితే ముట్టుకోకుండా ఉండలేని మనిషి. తెర మీద బొత్తాం ఒకటి నొక్కి పట్టుకున్నాడు, వంగి చక్రం చూశాడు, మళ్ళీ తెర చూశాడు.

“సార్, ఈ మీటరు ముందు వేరే సైకిల్‌కి ఉండేదా?”

“మా బావమరిది సైకిల్‌కి. ఏం?”

“అది పెద్ద చక్రం బండి కదా?”

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగింది.

“చక్రం ఒక చుట్టు తిరిగితే ఇంత దూరం అని లోపల సెట్టింగు ఉంటుంది సార్. ఇందులో రెండు వేల రెండువందల పదిహేను ఉంది. మిల్లీమీటర్లు. మీ చక్రం చూస్తే...” మేస్త్రి అక్కడితో ఆపేశాడు. మర్యాదస్తుడు.

ఇన్‌స్పెక్టర్ లేచాడు. బల్ల మీది సుద్దముక్క తీసుకుని టైరు మీద ఒక గీత, సరిగ్గా దాని కింద నేల మీద ఒక గీత గీశాడు. సైకిల్ని మెల్లగా ముందుకు నడిపించి, టైరు మీది గీత మళ్ళీ నేలకు వచ్చినచోట ఇంకో గీత గీశాడు. తన ఉక్కు టేపు పరిచాడు. ఒక మీటరూ యాభై ఎనిమిది సెంటీమీటర్లు. మళ్ళీ చేశాడు. యాభై ఎనిమిదే. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ మీటరు అరవై సెంటీమీటర్లకు పైగా అబద్ధం చెబుతోంది. పద్నాలుగు కిలోమీటర్లంటే నిజానికి పదే. ఇరవై వేగం అసలు పద్నాలుగు. మామూలు మనిషి వేగం. గంట అనుకున్నది నలభై మూడు నిమిషాలే.

నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్న అతనికి ముందుగా గుర్తొచ్చినవి ఆ కిలోమీటర్లు కావు. కొలపాత్రలో తను వంచిన నూనె గుర్తొచ్చింది. చీటీ కింద తన సంతకం గుర్తొచ్చింది.

పప్పుల వ్యాపారి అరుగు మీంచి చూస్తున్నాడు. “సార్, ఆ మీటరుకీ సీలు వేస్తారా?”

ఎవరో కిసుక్కుమన్నారు. ఇన్‌స్పెక్టర్ తలెత్తలేదు. మేస్త్రి దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, “నేనెవరికీ చెప్పను సార్. ఇప్పుడే సరిచేసి ఇచ్చేస్తా, రెండు నిమిషాల పని” అన్నాడు. ఆ దయ అతనికి వ్యాపారి ఎగతాళి కంటే ఎక్కువ తగిలింది. తను పదిహేడేళ్ళలో ఎవరికీ చూపని దయ అది.

సరిచేయించుకున్నాడు. నోటీసు పూర్తి చేసి, వ్యాపారి చేతికిస్తూ అతని కళ్ళలోకి చూడలేకపోయాడు. ఇంటికి వస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన: మీటరు బాగైపోయింది, రేపటి నుంచి నిజం గంట తొక్కుతాను, బన్ను మానేస్తాను, బరువు దానంతటదే తగ్గుతుంది. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేదు. ఈ ఆలోచన మెట్లెక్కుతున్నప్పుడు చాలా బాగుంది. తలుపు తీసేసరికి అంత బాగా లేదు.

భార్య అప్పటికే వచ్చింది. ఇంకా చీకటి పడలేదు. బల్ల మీద కంచం, చీటీ, పెన్ను. అతను చేతులు కడుక్కుని కూర్చున్నాడు.

“ఆ సైకిల్ మీటరు కొంచెం తేడాగా ఉందిట” అన్నాడు కంచంలోకి చూస్తూ.

“అలాగా.”

“కొంచెమే. సరిచేయించాను.”

“మంచిది.” ఆమె ఎదురుగా కూర్చుని తన కంచం దగ్గరకు లాక్కుంది. కూర వడ్డించుకుంటూ మామూలుగా చెప్పింది. “ఇన్‌చార్జి పని వద్దని కాగితం ఇచ్చేశాను ఇవాళ. మా డైటీషియన్ మేడమ్ తీసుకోనంది. రేపు పొద్దున్న దాకా బల్ల మీదే ఉంచుతా, మనసు మారితే తీసుకో అంది. మారదని చెప్పాను.”

అతని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “ఎందుకు వద్దన్నావు?”

“ఎందుకంటే ఏం చెప్పను? ఇదివరకు ఉప్పు చిటికెడు తీస్తే చిటికెడే. ఇప్పుడు తీసినదాన్ని తూచి, మళ్ళీ తూచి, నమ్మకం లేక ఇంకోసారి తూస్తున్నా. మొన్న ప్లేట్లన్నీ గంట ఆలస్యం. కిడ్నీ వార్డులో ముసలావిడ చల్లారిన అన్నం తినలేక పక్కన పెట్టేసింది. నా నలభై ప్లేట్లకే ఇలా ఉంది, వంటగదంతా చేతికిస్తే?”

ఇక దాచడానికి వీల్లేకపోయింది. అతను ముద్ద కంచంలో వదిలేశాడు.

“కొంచెం తేడా కాదు” అన్నాడు. “పద్నాలుగు కాదు, పది. మొదటి రోజు నుంచీ. పెద్ద చక్రం మీటరు తెచ్చి చిన్న చక్రానికి కట్టాను. ఒక్కసారి టేపు పెట్టి చూస్తే తేలిపోయేది. చూడలేదు. గంట తొక్కమంటే నలభై నిమిషాలు తొక్కాను. మిగతా టైములో ట్యాంకు దగ్గర బన్నులు తిన్నాను.”

“బన్నులా?”

“బన్నులే.”

“రోజూ ఎన్ని?”

“రెండు.” ఒక క్షణం ఆగాడు. “ఒక్కోసారి మూడు. నీ వంటలో ఏమీ లేదు. నీ చేతిలో ఏమీ లేదు. తప్పు అంతా ఆ మీటరుదే.”

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. కోపంగా ఉంటే బాగుండుననిపించింది అతనికి.

“మీటరు చెప్పింది కిలోమీటర్లండీ” అంది మెల్లగా. “ఆసుపత్రిలో నలభై మందిని మోసం చేస్తున్నానని మీటరు అనలేదు.”

అతను ఎడం చేత్తో పెన్నును కంచానికి దూరంగా తోశాడు.

“మా అమ్మ ముందు అన్నారు. తమ్ముడి ముందు అన్నారు. అమ్మ వెళ్ళేటప్పుడు మెట్ల మీద నన్ను పక్కకి పిలిచి, ‘నిజంగా చూసి వండుతున్నావా తల్లీ’ అని అడిగింది. నన్ను కన్నతల్లి.”

ఇన్‌స్పెక్టర్ ఎంగిలి చెయ్యి కడుక్కుని వచ్చాడు. ఫోను తీసి బావమరిదికి చేశాడు. స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాడు. అత్తగారు కూడా అక్కడే ఉందని తెలిసి ఆమెనూ దగ్గరకు రమ్మన్నాడు. దుకాణంలో నోటీసు చదివే గొంతు తెచ్చుకుందామనుకున్నాడు, రాలేదు. తడబడుతూనే చెప్పాడు.

అటువైపు నుంచి బావమరిది పెద్దగా నవ్వేశాడు. “ఓస్, ఇంతేనా బావా! మీటరిచ్చింది నేను. సెట్టింగు మార్చాలని చెప్పనిది నేను. తప్పు నా మీద వేసెయ్, అయిపోతుంది.”

ఎంత తేలికైన దారి! ఇన్‌స్పెక్టర్ కాళ్ళు అప్పటికే ఆ దారిలోకి ఒక అడుగు వేశాయి. బల్లకు అటువైపు భార్య చీటీని నాలుగు మడతలు పెడుతోంది, మళ్ళీ విప్పుతోంది.

“కాదు” అన్నాడు. “బిగించి ఇస్తానన్నావు, నేనే వద్దన్నాను. అత్తయ్య గారూ, మీ అమ్మాయి చెయ్యి సరైనదే. నాకే బుద్ధి లేదు.”

“సర్లే బాబూ, ఉంచు మరి” అంది అత్తగారు. ఆ పొడి మాట రోజంతా విన్న ఎగతాళి కంటే ఎక్కువసేపు చెవిలో నిలిచింది.

“ఇప్పుడైనా ఆ కాగితం వెనక్కి తీసుకుంటావా?” అని అడిగాడు భార్యని.

“వాళ్ళిద్దరూ ఇంట్లోవాళ్ళు” అంది ఆమె కంచాలు తీస్తూ. “నా చెయ్యి మంచిది కాదని నేను చెప్పింది మేడమ్‌కి. ఆ మాట నాకు నేర్పింది ఎవరో ఆవిడకి తెలీదు.”

పొద్దున్నే ఆమె కంటే ముందు బయల్దేరాడు. ఆసుపత్రి గుట్ట మీద ఉంది. ఎత్తు దారి. సరిచేసిన తెర మీద వేగం ఏడు, ఆరున్నర, ఆరు. ఇంత చిన్న అంకెలు అతను ఎప్పుడూ చూడలేదు. నడిచిపోయేవాళ్ళు దాటుకుని వెళ్ళారు. సగం గుట్టకు ఊపిరి చాలక దిగి, ఫోను చెవికి పెట్టుకోకుండా, అందరికీ కనబడేలా నోరు తెరిచి ఆయాసపడ్డాడు. మళ్ళీ ఎక్కాడు.

వంటగది వెనక భాగంలో ఉంది. ఆవిరి, కడిగిన గచ్చు, వరసగా నలభై స్టీలు ప్లేట్లు, ఒక్కోదాని అంచుకు మంచం నంబరు. ముగ్గురు వంటావిడలు ఆగి చూశారు. మేడమ్ చిన్న బల్ల దగ్గర కూర్చుని జాబితా చూస్తోంది. తెల్ల కోటు, ముక్కు మీదకు జారిన కళ్ళజోడు. అతని చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

“వార్డు అటు” అంది ఆమె. “ఒంట్లో బాగోలేదా?”

“రోగిని కాదండీ.” తానెవరి భర్తో చెప్పాడు. తూనికలు కొలతల్లో ఇన్‌స్పెక్టరునని కూడా చెప్పాల్సి వచ్చింది. అది లేకపోతే మిగతాది అర్థం కాదు.

“ఆవిడ ఎందుకు వద్దందో నాకు అంతుపట్టలేదు. పన్నెండేళ్ళలో ఆవిడ ప్లేటు మీద ఒక్క ఫిర్యాదు లేదు. చేతి కొలత తప్పుతోందని ఎవరో అన్నారట. ఎవరు?”

“నేనండీ.”

“తూచి చూశారా?”

“చూశాను. ఆవిణ్ణి తూచాను. నన్ను తూచుకోలేదు.”

ఒక వంటావిడ చేతిలో గరిటె గిన్నెకు తగిలి టంగుమంది. మేడమ్ కళ్ళజోడు పైకి తోసుకుని అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూసింది. ఆ చూపు అతనికి తెలుసు. తప్పుడు రాయి దొరికినప్పుడు తాను వ్యాపారులను చూసే చూపు అది. కింద నుంచి అది ఎలా ఉంటుందో మాత్రం ఇప్పుడే తెలిసింది.

“ఇంత మాట చెప్పడానికి గుట్టెక్కి వచ్చారు సరే” అంది. “కాగితం ఆవిడది. మీరు అడిగితే ఇవ్వను. ఆవిడ అడగాలి.”

వెనక అలికిడైంది. భార్య గుమ్మంలో ఉంది. చేతిలో టోపీ, భుజాన ఏప్రన్. ఎప్పటి నుంచి నిలబడిందో, ఎంత విందో తెలియదు. టోపీ పెట్టుకుని జుట్టు లోపలికి తోసింది. ఏప్రన్ తాళ్ళు వెనక్కి ముడేసింది. కొళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కుంది. తడి చెయ్యి మేడమ్ వైపు చాపింది.

“ఆ కాగితం ఇచ్చెయ్యండి మేడమ్.”

మేడమ్ ఇచ్చింది. ఆమె దాన్ని ఏప్రన్ జేబులో పెట్టుకుని ఉప్పు డబ్బా తెరిచింది. మూడు వేళ్ళతో చిటికెడు తీసి మొదటి గిన్నెలో వేసింది. కాటా వైపు చూడలేదు. రెండో గిన్నె దగ్గరకు వెళ్తూ అప్పుడు భర్త వైపు తిరిగింది. ఆ మొహంలో క్షమించిన జాడ ఏమీ లేదు, పని చేసుకునే మనిషి మొహమది.

“వంటగదిలోకి చెప్పులతో రాకూడదండీ” అంది. “బయటికి వెళ్ళండి.”

అతను కాళ్ళ వైపు చూసుకున్నాడు. కడిగిన గచ్చు మీద గుమ్మం నుంచి బల్ల దాకా మట్టి అడుగులు. “తుడుస్తాను” అన్నాడు.

“బయట తుడుపుకర్ర ఉంది” అంది ఆమె, మూడో గిన్నె మూత తీస్తూ. “చెప్పులు విడిచి రండి.”